పెయింట్‌బాల్ మార్కర్ గ్యాస్ తాగేస్తోందా? విప్పకముందే తూకం వేయండి

నిండా కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ కొట్టించిన 20 ఔన్సుల బాటిల్‌తో దగ్గర దగ్గర వెయ్యి షాట్లు రావాలి. అది నాలుగు వందలకే చల్లబడిపోతే ఎవరికైనా మొదట మార్కర్ మీదే, అంటే రంగు బంతులు పేల్చే ఆ గన్ను మీదే, అనుమానం వస్తుంది. నాకూ అలాగే వచ్చింది. జడ్చర్ల దాటాక హైవే పక్కన మేం నలుగురం కలిసి నడిపే చిన్న గ్రౌండ్‌లో ఒక మార్కర్‌ను రెండు వారాల్లో మూడుసార్లు విప్పాను, వాల్వ్ లోపలి కప్ సీల్ మార్చాను, స్ప్రింగ్ మార్చాను, గ్యాస్ కారకుండా ఆపే రబ్బరు రింగులు, అంటే ఓరింగులన్నీ మార్చాను, ఆదివారం ఆట మధ్యలో గ్యాస్ అయిపోవడం మాత్రం ఆగలేదు. చివరికి మా వీధిలో గోలీసోడా తయారుచేసే పెద్దాయన ఒక్క మాట అడిగాడు: "తమ్మీ, గన్ను సంగతి తర్వాత సూద్దాం గానీ, బాటిల్ల ఎంత గ్యాసున్నదో తూకమేసినవా?" వేయలేదు. అప్పుడే నింపించి తెచ్చిన బాటిల్‌ను ఆయన కాటా మీద పెడితే, 567 గ్రాములు ఉండాల్సిన చోట 310 గ్రాములే ఉంది.

అందుకే ఇక్కడ చెప్పే పద్ధతి మొత్తం ఒకే వరుసలో సాగుతుంది. గ్యాస్ ఏ దారిన వెళ్తుందో మీరూ ఆ దారినే వెళ్లాలి, బాటిల్ దగ్గర మొదలుపెట్టి బ్యారెల్ మూతి దాకా. మధ్యలో ఎక్కడా దూకొద్దు, ఒకేసారి రెండు మార్పులు చేయొద్దు. రెండు మార్చేస్తే ఏది పనిచేసిందో మీకు ఎప్పటికీ తెలియదు.

ముందు జాగ్రత్త గురించి, ఇది మాత్రం దాటేయకండి. ఆటలో అయినా రిపేరులో అయినా కళ్లకు మాస్క్ ఉండాలి. బంతులు పోసే డబ్బా, అంటే హాపర్, తీసేయండి, లోపల బంతి లేదని చూసుకోండి, బ్యారెల్‌కు గుడ్డ కవర్ తొడగండి. మార్కర్ విప్పే ముందు బాటిల్ తీసేసి, సురక్షితమైన వైపు తిప్పి రెండు మూడు ఖాళీ షాట్లు కొట్టి లోపల మిగిలిన గ్యాస్ వదిలేయండి. ఇంకొకటి చాలామంది పట్టించుకోరు. బాటిల్ మెడ మీద ఇత్తడి వాల్వ్ ఉంటుంది కదా, ఆ వాల్వ్ మీద నుంచి బాటిల్ మీదకు నిలువుగా గోళ్ల రంగుతో ఒక గీత గీయండి. బాటిల్ తిప్పి తీస్తున్నప్పుడు గీత ఆ రెండింటి మీదా ఒకే వరుసలో ఉండాలి. వాల్వ్ మార్కర్‌కే బిగుసుకుపోయి బాటిల్ ఒక్కటే తిరుగుతున్నట్టు కనిపిస్తే, గీత రెండు ముక్కలైతే, వెంటనే చేయి ఆపండి. గ్యాస్ ఉండగా వాల్వ్ నుంచి బాటిల్ ఊడితే అది రాకెట్‌లా దూసుకెళ్తుంది, అమెరికాలో దీనివల్ల మనుషులు చనిపోయారు. అలాంటి బాటిల్‌ను వెనక్కి తిప్పి యథాస్థానానికి తెచ్చి, మార్కర్‌తో సహా నింపే షాపులో తెలిసినవాళ్లకు ఇచ్చేయండి.

ఇక తూకం. ఇంట్లో పిండి తూచే చిన్న ఎలక్ట్రానిక్ కాటా, 5 కిలోల వరకు గ్రాము లెక్కలో చూపించేది చాలు. బాటిల్ పూర్తిగా ఖాళీ అయ్యాక ఒకసారి తూచి ఆ బరువును పర్మనెంట్ మార్కర్‌తో బాటిల్ అడుగున రాసేయండి. 20 ఔన్సుల బాటిల్ అంటే 567 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, 12 ఔన్సులదైతే 340, 9 ఔన్సులదైతే 255. నింపించి తెచ్చిన వెంటనే మళ్లీ తూచి ఖాళీ బరువు తీసేస్తే లోపల ఎంతుందో తేలిపోతుంది. షాపులో గేజ్ చూసి "ఫుల్ అన్నా" అంటారు, ఆ మాట నమ్మకండి. కార్బన్ డయాక్సైడ్ బాటిల్‌లో ఉండేది ద్రవం. లోపల ద్రవం ఇంకా కొంచెం మిగిలి ఉన్నంతవరకు బాటిల్ నిండుగా ఉన్నా పావు వంతే ఉన్నా గేజ్ దాదాపు ఒకే ప్రెషర్ చూపిస్తుంది, ఎందుకంటే ఆ ప్రెషర్ వేడిని బట్టి వస్తుంది, పరిమాణాన్ని బట్టి కాదు. ప్రెషర్‌ను పీఎస్‌ఐలో కొలుస్తారు: 20 డిగ్రీల దగ్గర 830 పీఎస్‌ఐ, 30 డిగ్రీల దగ్గర 1,045 దాకా. వంటగ్యాస్ సిలిండర్‌ను ఊపి, లేపి చూస్తాం గానీ ప్రెషర్ చూడం కదా, ఇదీ అంతే.

బాటిల్ ఎందుకు నిండదు? మన దగ్గర రెండు కారణాలు ఎక్కువ. ఒకటి, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ రీఫిల్ చేసేవాళ్ల దగ్గరో, సోడా గ్యాస్ ఇచ్చేవాళ్ల దగ్గరో ఉండే పెద్ద సిలిండర్‌లో అడుగు దాకా పైపు ఉండకపోతే పైన ఉన్న ఆవిరి మాత్రమే మీ బాటిల్‌లోకి వస్తుంది, ద్రవం రాదు. పైపు ఉన్న సిలిండర్ కావాలి, లేదంటే దాన్ని తలకిందులుగా పెట్టి నింపాలి. రెండోది ఎండ. నల్లగొండలో అయినా పాలమూరులో అయినా ఏప్రిల్, మే మధ్యాహ్నం బాటిల్ ముట్టుకుంటే కాలుతుంది. వేడెక్కిన బాటిల్‌లో కొంచెం ద్రవం పడగానే అది మరిగి ప్రెషర్ పెరిగి పెద్ద సిలిండర్ ప్రెషర్‌తో సమానమవుతుంది, ఇక లోపలికి ఎక్కదు. షాపువాడు మోసం చేశాడని కాదు, ఎక్కలేదు అంతే. సోడా పెద్దాయన చెప్పిన ఉపాయం ఇదే: "ఎండల ఎక్కదు తమ్మీ, పొద్దుగాల తీస్కరా." బాటిల్‌ను రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున్నే ఐస్ బాక్స్‌లో తీసుకెళ్లండి. షాపులో ముందు ఓ వంద గ్రాములు కొట్టించి వదిలేయమనండి, అలా వదిలేసినప్పుడు బాటిల్ మంచులా చల్లబడుతుంది, ఆ వెంటనే కాటా మీద పెట్టి మిగతాది నింపితే బరువు పూర్తిగా ఎక్కుతుంది. ఇది ఇంట్లో చేసే పని కాదు, నింపేవాళ్లనే చేయమనండి, మీరు కాటా మాత్రం చూడండి.

అలాగని ఎక్కువ కొట్టించొద్దు. కార్బన్ డయాక్సైడ్ 31 డిగ్రీలు దాటాక ద్రవం, ఆవిరి అన్న తేడా లేకుండా ఒకటైపోతుంది, అక్కడినుంచి ప్రెషర్ వేగంగా ఎక్కుతుంది. పూర్తి 567 గ్రాములున్న బాటిల్ 40 డిగ్రీల దగ్గర 1,600 పీఎస్‌ఐ దాకా పోతుంది. ఎండలో అద్దాలెక్కించి పెట్టిన కారులో ఇంకా చాలా ఎక్కువ. వాల్వ్ పక్కన చిన్న రేకు బిళ్ల ఉంటుంది, బర్స్ట్ డిస్క్ అంటారు, సాధారణంగా 3,000 పీఎస్‌ఐ దగ్గర అది చిరిగి గ్యాస్ మొత్తం ఒక్కసారిగా బయటికి పోతుంది. అది చెడిపోవడం కాదు, బాటిల్ పేలకుండా కాపాడటమే. చిరిగితే అదే రేటింగ్ ఉన్న కొత్తది షాపులో వేయించాలి, మందమైన రేకో మరొకటో పెట్టి నెట్టుకురావద్దు. నా వరకు ఎండాకాలం 520 గ్రాములతో ఆపేస్తాను, యాభై గ్రాముల కోసం టెన్షన్ ఎందుకు.

తూకం సరిగ్గా ఉంది, అయినా గ్యాస్ నిలవడం లేదు అనుకుందాం. ఇప్పుడు లీకా, లేక ప్రతి షాట్‌కూ ఎక్కువ ఖర్చవుతోందా అన్నది విడదీయాలి. ఈ రెండింటినీ కలిపేసి చూడటం వల్లే ఎక్కువమంది రోజులు పోగొట్టుకుంటారు. చేయాల్సింది తేలికే. బాటిల్‌ను మార్కర్ నుంచి తీసేసి రాత్రి తూచండి, పొద్దున తూచండి. బరువు తగ్గితే లీకు బాటిల్‌లోనే. తగ్గకపోతే మర్నాడు మార్కర్‌ను కాక్ చేసి (నాబ్ వెనక్కి లాగి పేలడానికి సిద్ధం చేసి), సేఫ్టీ వేసి, హాపర్ లేకుండా, పిల్లలు వెళ్లని గదిలో, కిటికీ తెరిచి, బాటిల్ బిగించి ఓ గంట ఉంచి మళ్లీ తూచండి. అప్పుడు తగ్గితే లీకు మార్కర్‌లో. (బాటిల్ తీసేటప్పుడు కాస్త గ్యాస్ ఎలాగూ పోతుంది, రెండు మూడు గ్రాములు లెక్కలో పెట్టుకోకండి.) రెండుసార్లూ తగ్గకపోతే అది లీకు కాదు, షాట్ ఖర్చు. ఆ సంగతి కింద చెప్తాను.

బాటిల్ లీకైతే బకెట్ నీళ్లలో ముంచితే బుడగలు చూపిస్తాయి. వాల్వ్ మధ్యలోని పిన్ దగ్గర బుడగలొస్తే లోపలి సీలు అరిగింది, మెడ దగ్గరొస్తే వాల్వ్ బిగింపు, బిళ్ల దగ్గరొస్తే బర్స్ట్ డిస్క్ కింది వాషర్. పిన్ సీలైనా సరే, ఈ మూడూ గ్యాస్ పూర్తిగా వదిలించాకే, షాపులోనే చేయించండి. ముంచడం కార్బన్ డయాక్సైడ్ బాటిల్‌కే, గాలి బాటిల్‌కు (కార్బన్ డయాక్సైడ్ బదులు ఎక్కువ ప్రెషర్ గాలి నింపేది) ప్రెషర్ తగ్గించే రెగ్యులేటర్ ఉంటుంది, దాన్ని నీళ్లలో ముంచకండి, సర్ఫ్ నీళ్ల నురుగు బ్రష్‌తో పూయండి.

మార్కర్ వైపు లీకుల్లో సగానికి పైగా నేను చూసింది ఒకే చోట, బాటిల్ మూతి మీదుండే ఓరింగు. చేతి వేలికి పెట్టుకునేంత చిన్న రింగు, 015 సైజు, లోపలి వ్యాసం 14 మిల్లీమీటర్లు, మందం 1.78. గ్యాస్ ఉండగానే గబగబా బాటిల్ విప్పితే ఆ ఒత్తిడికి ఇది సగం బయటికి తన్నుకొచ్చి తెగుతుంది. తీసి వెలుతురుకు పట్టి కొంచెం సాగదీసి చూడండి, లోపలి అంచులో గోటితో గిల్లినట్టు చిన్న గాటు ఉంటుంది, మామూలుగా చూస్తే కనిపించదు, సాగదీస్తేనే నోరు తెరుస్తుంది. బోరు మోటార్లు, ట్రాక్టర్ హైడ్రాలిక్స్ సామాన్లు అమ్మే షాపుల్లో ఈ సైజు నల్ల రబ్బరు రింగులు దొరుకుతాయి, నేనూ నల్లగొండ బస్టాండు దగ్గర డజన్లకొద్దీ కొన్నాను. అవసరానికి పనికొస్తాయి గానీ నల్ల రబ్బరు కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని ఉబ్బుతుంది, త్వరగా పాడైపోతుంది. యూరితేన్ రింగు, తెల్లగానో పసుపుగానో పారదర్శకంగా ఉండేది, తెప్పించుకుంటే నెలల తరబడి ఉంటుంది. తెప్పించేటప్పుడు ఓ యాభై కలిపి తెప్పించుకోండి.

ఆ రింగు బాగుంటే ముందుకు పోదాం. బాటిల్ బిగించే అడాప్టర్ నుంచి మార్కర్‌కు వెళ్లే ట్యూబు రెండు చివర్లా సర్ఫ్ నురుగు పూయండి. స్టీలు అల్లిక ట్యూబైతే మరలు బిగించే చోట లీకొస్తుంది, విప్పి పాత సీలెంట్ గీకి కొత్తది పూసి ఆరనివ్వాలి. ప్లాస్టిక్ ట్యూబైతే చివర వంకరగా కోసి ఉంటుంది, కొత్త బ్లేడుతో తిన్నగా కోసి మళ్లీ లోపలికి నొక్కండి.

ఇక బ్యారెల్ నుంచి వచ్చే లీకు. దీనికి ముందు ఒక సంగతి చూసుకోండి. బ్లోబ్యాక్ మార్కర్‌ను (షాట్ గ్యాస్‌తోనే తనంతట మళ్లీ కాక్ అయ్యే రకం) కాక్ చేయకుండా బాటిల్ బిగిస్తే ముందుకున్న హామర్ (వాల్వ్‌ను కొట్టి తెరిచే లోహపు ముక్క) వాల్వ్ పిన్‌ను నొక్కి పెడుతుంది, గ్యాస్ బ్యారెల్ నుంచి బుస్సుమని పోతూనే ఉంటుంది. అది లీకు కాదు. కాక్ చేసి బిగించండి, ఆగిపోతుంది. కొత్తగా చేరిన కుర్రాళ్లు ఈ శబ్దం విని మార్కర్ పాడైందని తెచ్చిస్తుంటారు. కాక్ చేసినా సన్నగా శబ్దం వస్తుంటే, బ్యారెల్ మూతికి పల్చటి పాలిథీన్ కవర్ వదులుగా పెట్టి రబ్బర్ బ్యాండ్ వేయండి, వేలు గానీ అరచేయి గానీ అడ్డం పెట్టొద్దు, ట్రిగ్గర్ ముట్టొద్దు. కవర్ మెల్లగా ఉబ్బితే కప్ సీల్ సరిగ్గా కూర్చోవడం లేదు.

కప్ సీల్ అంటే వాల్వ్ లోపల ఇత్తడి అంచు మీద కూర్చునే చిన్న ప్లాస్టిక్ మూత. మార్చేముందు తీసి టార్చి వేసి చూడండి. దాని ముఖం మీద సన్నటి గుండ్రటి గీత ఉంటుంది, గీత అంతా ఒకే లోతులో ఉంటే సీలు బాగానే ఉన్నట్టు. ఒకచోట తెగినా, ఒకవైపు లోతుగా ఒకవైపు పైపైన ఉన్నా మార్చాలి. మా మార్కర్‌లో ఒకసారి సీలు నిక్షేపంగా ఉంది, గీత కూడా తీర్చిదిద్దినట్టు ఉంది, కానీ ఇత్తడి అంచు మీద ఉల్లిపొర కంటే పల్చగా ఏదో అంటుకుని మెరిసింది. పగిలిన బంతి తొక్క. పెయింట్‌బాల్ తొక్క జెలటిన్‌తో చేస్తారు, తడి తగిలితే జిగురులా అతుక్కుంటుంది. గోరువెచ్చటి నీళ్లలో తడిపిన మెత్తటి గుడ్డతో ఒకసారి తుడిస్తే పోయింది. దానికి నేను అంతకుముందు రెండు కొత్త సీళ్లు వేశాను. పిన్నుతోనో బ్లేడుతోనో గీకొద్దు, ఇత్తడి మీద వెంట్రుక మందం గీత పడినా ఇక ఏ సీలూ ఆగదు.

శుభ్రం చేశాక అడాప్టర్‌లో నాలుగైదు చుక్కలు పెయింట్‌బాల్ మార్కర్ నూనె వేసి, బాటిల్ బిగించి, పది ఖాళీ షాట్లు కొడితే నూనె గ్యాస్‌తో పాటు అన్ని చోట్లకూ చేరుతుంది. కుట్టుమిషన్ నూనె, ఇంజన్ ఆయిల్, తుప్పు వదిలించే స్ప్రేలు వాడొద్దు. అవి ఓరింగులను పాడుచేయొచ్చు. గాలి బాటిల్ వాడేవాళ్లకైతే ఇంకా ప్రమాదం, ఎక్కువ ప్రెషర్ గాలిలో పెట్రోలియం నూనె అంటుకునే అవకాశం ఉంది.

లీకు ఎక్కడా లేదు, అయినా బాటిల్ త్వరగా అయిపోతోంది. ఇప్పుడు షాట్ ఖర్చు కొలుద్దాం. నిండు బాటిల్ తూచండి, హాపర్‌లో సరిగ్గా వంద బంతులు లెక్కపెట్టి వేయండి, ఒక్కొక్కటిగా, మధ్యలో రెండు సెకన్లు ఆగుతూ కొట్టండి, మళ్లీ తూచండి. మామూలు అద్దె మార్కర్, బ్లోబ్యాక్ రకం, వంద షాట్లకు 50 నుంచి 65 గ్రాములు తీసుకోవచ్చు. 80 దాటితే ఎక్కడో తేడా ఉంది. 100 దాటితే తప్పకుండా ఉంది. ఈ ఒక్క పరీక్షకు మీ వంద బంతులు పోతాయని వెనకాడకండి, ఊరికే సామాన్లు మార్చడం కంటే చవక.

ఎక్కువ తీసుకుంటుంటే మొదట వేగం చూడాలి. బంతి వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ లేకుండా గ్రౌండ్ నడపకూడదు, గ్యాస్ కోసమే కాదు, ఆడేవాళ్ల ఒళ్లు కోసం. సాధారణంగా పై హద్దు సెకనుకు 300 అడుగులు, మా దగ్గర 270కి పెడతాం. బంతికి ఇవ్వాల్సిన శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది, అంటే 270 నుంచి 300కి వెళ్లడం పదో వంతు పెంపులా కనిపిస్తుంది గానీ శక్తి ఇరవై మూడు శాతం ఎక్కువ కావాలి. దీన్ని కూడా ఎండతో కలిపి చూడండి. పొద్దున ఎనిమిదింటికి 270కి సరిచేసిన కార్బన్ డయాక్సైడ్ మార్కర్ మధ్యాహ్నం పన్నెండుకు హద్దు దాటి కొట్టొచ్చు, వేగం సరిచేసే స్క్రూ ఎవరూ ముట్టకుండానే, బాటిల్‌లో ప్రెషర్ పెరిగింది కాబట్టి. ఎండాకాలంలో ప్రతి ఆటకు ముందు కొలవాలి. స్క్రూ ఎటు తిప్పాలన్నది మార్కర్‌ను బట్టి మారుతుంది. టిప్‌మన్ 98 అనే మార్కర్‌లో ఎడమ పక్కనున్న స్క్రూను లోపలికి బిగిస్తే వేగం తగ్గుతుంది, వెనక స్క్రూ ఉండే చాలా మార్కర్లలో లోపలికి బిగిస్తే పెరుగుతుంది. పావు తిప్పు తిప్పి, మూడు షాట్లు కొట్టి చూసి, మళ్లీ పావు.

వేగం సరిగ్గానే ఉంది గానీ ఒక షాట్ 250, ఇంకోటి 285 ఇలా ఎగుడుదిగుడుగా వస్తుంటే బంతికి బ్యారెల్ సరిపోవడం లేదేమో చూడండి. 0.68 క్యాలిబర్ అని రాసినా అన్ని బంతులూ ఒక సైజు ఉండవు. బ్యారెల్‌ను మార్కర్ నుంచి పూర్తిగా ఊడదీసి, బంతి ఒకటి వెనకవైపు నుంచి వేయండి. జర్రున జారి అటు చివర పడితే బంతి వదులు, దాని పక్కనుంచి గ్యాస్ ముందే దాటిపోతుంది, ఆ నష్టం పూడ్చడానికి మీరు స్క్రూ పెంచుతారు, ఖర్చు ఇంకా పెరుగుతుంది. నోటితో గట్టిగా ఊదినా కదలకపోతే బిగుతు, లోపలే పగులుతుంది. నిలబడి, ఒక్క ఊదుకు బయటపడితే సరిగ్గా ఉన్నట్టు. వానాకాలంలో తెరిచిన బస్తాలోని బంతులు తేమకు ఉబ్బుతాయి, ఎండాకాలం రేకుల షెడ్డులో ఉంచితే ఒకవైపు అణిగి కోడిగుడ్డు ఆకారానికి వస్తాయి. స్టీలు పళ్లెంలో దొర్లించండి, తిన్నగా వెళ్లకుండా తూలుతూ వెళ్లే బంతులను పరీక్షకు వాడొద్దు. బ్యారెల్ మార్చగలిగితే రంధ్రాలు తక్కువున్నది ఎంచుకోండి, బంతికి తోపు మొదటి ఎనిమిది, పది అంగుళాల్లోనే పూర్తవుతుంది, అక్కడినుంచి పొడవు చూడటానికే.

తర్వాత బోల్ట్ (బంతిని బ్యారెల్‌లోకి నెట్టే కడ్డీ), హామర్ ఓరింగులు. బ్లోబ్యాక్‌లో ఒకే వాల్వ్ నుంచి గ్యాస్ రెండు వైపులా వెళ్తుంది. ముందుకు వెళ్లింది బంతిని తోస్తుంది, వెనక్కి వెళ్లింది హామర్‌ను మళ్లీ కాక్ చేస్తుంది. ముందు బోల్ట్ రింగు అరిగితే గ్యాస్ ఫీడ్ మెడలోకి, అంటే హాపర్ నుంచి బంతి దిగే గొట్టంలోకి, తన్నుతుంది, షాట్ కొట్టినప్పుడు హాపర్‌లో బంతులు ఎగిరెగిరి పడతాయి, మూత తీసి చూస్తే తెలుస్తుంది (కళ్లకు మాస్క్ మరిచిపోకండి). హామర్ రింగు అరిగితే వెనక్కి తోసే బలం చాలదు, హామర్ దాన్ని పట్టి ఆపే కొక్కేనికి (సియర్) తగులుకోకుండా మళ్లీ ముందుకొచ్చి వాల్వ్‌ను కొడుతుంది, ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే టపటపటపమని అదే పేలుతూ పోతుంది. ఆ అయిదారు సెకన్లలో పోయే గ్యాస్ ఎంతో తూచి చూశాను, 40 గ్రాములు. ఆ శబ్దం వినగానే ట్రిగ్గర్ వదిలి కాకింగ్ నాబ్ వెనక్కి లాగి పట్టుకోండి, ఆగుతుంది. బాటిల్ ఖాళీ అవుతున్నప్పుడు కూడా ఇలాగే జరుగుతుంది కాబట్టి, ముందు నిండు బాటిల్ పెట్టి చూసి, అప్పటికీ వస్తే రింగు మార్చండి. సియర్ అంచు గుండ్రంగా అరిగిపోయినా ఇదే లక్షణం, అప్పుడు సియరే మార్చాలి.

వేగంగా వరసపెట్టి కొట్టేవాళ్ల చేతిలో గ్యాస్ ఎక్కువ పోవడానికి మార్కర్ తప్పేమీ లేదు. ద్రవం ఆవిరవుతూ బాటిల్ వేడిని పీల్చుకుంటుంది, బాటిల్ మీద మంచు పడుతుంది, ప్రెషర్ తగ్గుతుంది, ఇంకా ఆవిరి కాని ద్రవం అలాగే మార్కర్‌లోకి దూరి బ్యారెల్ నుంచి తెల్లటి పొగలా బయటికి పోతుంది. ఆ పొగ అంతా మీరు డబ్బు పెట్టి కొన్న గ్యాసే. బాటిల్‌ను కిందికి వంచి కొట్టకుండా, మూతి పైకుండేలా పట్టుకుంటే ద్రవం రావడం చాలా తగ్గుతుంది. డిసెంబరు, జనవరి పొద్దుటి ఆటల్లో ఇది ఇంకా ఎక్కువ.

గాలి బాటిల్ వాడేవాళ్లకు తూకం కుదరదు, గేజే ఆధారం. 48 క్యూబిక్ అంగుళాల 3,000 పీఎస్‌ఐ బాటిల్ బ్లోబ్యాక్ మార్కర్‌కు 400 నుంచి 500 షాట్లు ఇస్తుంది. నింపిన వెంటనే బాటిల్ వేడిగా ఉంటుంది, చల్లబడ్డాక 3,000 కాస్తా 2,600, 2,700కి దిగుతుంది, లీకు అనుకుని విప్పకండి. మెల్లగా నింపించండి, అరగంట ఆగి మళ్లీ కొంచెం నింపించండి. ఎలక్ట్రానిక్ మార్కర్ అయితే వాల్వ్ ఎంతసేపు తెరుచుకోవాలో చెప్పే డ్వెల్ అనే సెట్టింగ్ ఉంటుంది, మిల్లీసెకన్లలో. ఒక్కో మిల్లీసెకను తగ్గిస్తూ క్రోనో చూడండి, వేగం పడిపోవడం మొదలైన చోటి నుంచి ఒకటి రెండు పెంచి వదిలేయండి. అనవసరంగా ఎక్కువ డ్వెల్ ఉంటే బంతి బ్యారెల్ దాటిపోయాక కూడా గ్యాస్ పోతూనే ఉంటుంది.

చివరగా, ఏ బాటిల్ అయినా మీదున్న టెస్ట్ తేదీ చూడండి, అయిదేళ్లకోసారి నీటి ఒత్తిడితో చేసే హైడ్రో టెస్ట్ కావాలి, తేదీ దాటితే నింపించొద్దు. మా దగ్గర ప్రతి బాటిల్‌కూ నంబరు వేసి నోటుపుస్తకంలో నాలుగే గడులు పెట్టాం: ఖాళీ బరువు, నింపాక బరువు, ఆట తర్వాత బరువు, కొట్టిన బంతులు. మొన్న ఆదివారం నాలుగో నంబరు బాటిల్ వంద షాట్లకు 92 గ్రాములు చూపించింది, అదే మార్కర్‌కు రెండో నంబరు బాటిల్ పెడితే 58. మార్కర్ ముట్టుకోలేదు, నాలుగో బాటిల్‌ను ఆ రాత్రి తూచి పక్కన పెట్టాను, పొద్దుటికి 31 గ్రాములు తగ్గింది, పిన్ సీలు.